మామ పెట్టిన పేరు

నా పేరు మామ పెట్టాడు.
పళ్ళెంలో పోసిన బియ్యం మీద
ఉంగరం అంచుతో రాశాడట, అనఘ అని.
టొలీడోలో, మన్రో వీధి అపార్ట్‌మెంట్లో,
బయట మోకాలెత్తు మంచు.
చెవులు కుట్టించిన రోజు ఒళ్ళో పట్టుకున్నదీ ఆయనే.
నాకంటే ముందు ఆయనే ఏడ్చాడని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.
నవ్వేది.

పెట్టిన పేరుని పదేళ్ళకి
తాకట్టు పెట్టాడు.

నాకు తెలిసేసరికి ఇరవై మూడేళ్ళు.
అద్దె ఇంటి ఆఫీసులో అమ్మాయి
తెరని నా వైపు తిప్పలేదు, గొంతు మాత్రం తగ్గించింది.
ఐదు వందల ఎనిమిది.
పక్క గదిలో ఉన్న రోగి జ్వరం చెప్పినట్టు చెప్పింది.

రిపోర్టు పద్నాలుగు పేజీలు.
అందులో నేను
ఐదో తరగతిలో కరెంటు బిల్లు ఎగ్గొట్టాను.
పన్నెండో ఏట ఫ్రీజర్ కొన్నాను, మనిషి పట్టేంతది.
బడిలో శాతాలు తప్పు చేస్తున్న ఏడాదే
ఇరవై ఆరు శాతానికి కార్డు తీసుకున్నాను.
నా పేరుకి మూడు స్పెల్లింగులు.
నేనెన్నడూ గడప తొక్కని ఇళ్ళు నాలుగు.

ఆ ఫ్రీజర్ నాకు గుర్తుంది.
మామ శాండ్‌విచ్ షాపులో, కౌంటర్ వెనకాల,
దాని మూత మీదే హోమ్‌వర్క్ చేసుకునేదాన్ని.
"ఇదంతా నీ చలవేనే" అనేవాడు
నెత్తిన చెయ్యి పెట్టి.
ముద్దుకి అంటున్నాడనుకున్నాను.

"ఎవరో తెలీదని రాసెయ్" అంది అమ్మ.
"ఇంటి గుట్టు లంకకు చేటు."
లంక ఎవరిదమ్మా, అన్నాను.
తోమిన గిన్నెనే మళ్ళీ తోముతూ ఉండిపోయింది.

తెలిసీ తెలీదని రాస్తే అదీ నేరమేనని
ఫారం అడుగున చీమల బారులా ఉంది.

స్టేషన్లో ఎర్ర మీసాల ఆఫీసర్ పేరడిగాడు.
గుడిమెట్ల భీమేశ్వరరావు.
ఒక్కో అక్షరం చెప్పాను, రెండుసార్లు చెప్పాను,
పలకలేక పెన్ను ఆపినప్పుడల్లా
లేచి వెళ్ళిపోదామనిపించింది.
సంబంధం?
అంకుల్, అన్నాను.
బాబాయికీ అదే, పెదనాన్నకీ అదే,
పొద్దున పాలు పోసిన కొట్టాయనకీ అదే.
ఆ మాట వెనక ఎవరైనా దాక్కోవచ్చు.
నా కాపీ మీద, ఆ గడి పక్కన
మేనమామ అని తెలుగులో రాసుకున్నాను.

ఆ తర్వాతదంతా పోస్టాఫీసు.
మూడు బ్యూరోలకి మూడు రిజిస్టర్డ్ కవర్లు,
సంతకాలతో తిరిగొచ్చే పచ్చ కార్డులు.
ఒక బ్యూరో రాసింది: విచారించాం, ఆ అప్పు మీదే.
ఐదో తరగతి ప్రోగ్రెస్ కార్డు జెరాక్స్ తీసి
మళ్ళీ పంపాను. బిహేవియర్‌లో ‘ఎ’ వచ్చింది నాకు.

నా పేరుకి నేనే తాళం వేసుకున్నాను.
ఆరంకెల తాళంచెవి ఎవరికీ చెప్పలేదు, అమ్మక్కూడా.
రెండొందల డాలర్లు ముందే కట్టి
రెండొందల డాలర్ల నమ్మకం కొనుక్కున్నాను.
నెలకోసారి దాంతో పెట్రోలు పోయించి
ఆ రాత్రే కట్టేస్తాను.
ఐదొందల నలభై. ఆరొందల రెండు.
తర్వాత మూడు పాయింట్లు పడింది,
ఎందుకో ఎవరూ చెప్పరు.

ఈ ఊరి నది పేరు మామీ.
చిన్నప్పుడు అది మామ నదే అనుకునేదాన్ని,
వంతెన మీద కారు ఆపించి టాటా చెప్పేదాన్ని.
ఇప్పుడు ఆయన దాని అవతలే,
ఏదో గోడౌన్లో రాత్రి డ్యూటీ.
ఫోన్ చేయడు. నేనూ చేయను.
నెలనెలా ఒక మనీ ఆర్డర్ వస్తుంది, నలభై డాలర్లు.
మొత్తం అప్పు పదకొండు వేల చిల్లర.
లెక్కేశాను. ఇరవై మూడేళ్ళు పడుతుంది.

ఎందుకు పంపుతున్నదీ రాసే గీత
ఖాళీగా ఉంటుంది.
ఏడున్నాయి డ్రాయర్లో.
మార్చుకోలేదు, చింపనూ లేదు.
బ్యాంకులు తప్పు రాశాయి, బ్యూరోలు తప్పు రాశాయి.
ఆయన మాత్రం నా పేరు
ఒక్క అక్షరం పోకుండా రాస్తాడు.