నూట నలభై రెండో మీటరు

డోరీన్ గారూ,
నేను మీకు గుర్తుండను.
రేకుల షెడ్డు కాపలావాణ్ణి, అమీసీ నకుపులాని.
కాబో డెల్గాడోలో, నమితిలి వాగు దాటాక,
డ్రిల్లు పైకి లాగిన రాతికడ్డీలని
చెక్క ట్రేలలో లోతువారీగా పేర్చేవాణ్ణి.

ఆరువందల పన్నెండు ట్రేలు.
మొదట ఎర్రమట్టి. తర్వాత పొడిపొడిగా రాలే రాయి.
నూట నలభై రెండో మీటరు దగ్గర
నలుపు మొదలయ్యేది,
చేప పొలుసులా మెరుస్తూ, ముట్టుకుంటే వేలికి అంటుతూ.
పిల్లలు ఓ ముక్క ఎత్తుకుపోయి
గోడల మీద మేకలు గీసేవాళ్ళు.
చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి.
మీ సొత్తులో ఆ మాత్రం మాదే అనుకున్నాను.

మీరొచ్చిన రోజు గుర్తుంది.
పదకొండు మంది వాటాదారులు, రెండు జీపులు,
ముందొకటి వెనకొకటి సైనికుల బళ్ళు.
అందరూ రాయిని ఫొటో తీశారు.
మీరొక్కరే నీడకొచ్చి కూర్చుని
బూటు విప్పి పాదం నొక్కుకున్నారు.
ముప్పయ్యేళ్ళు బడి బస్సు నడిపారట.
దాచిందంతా ఇందులోనే పెట్టారట.
నా చేతిలో బిస్కెట్టు పెట్టి, దుబాసీ వైపు తిరిగి
"ఇక్కడ భద్రమేనా?" అని అడిగారు.

దుబాసీ నా వంక చూశాడు.
మేనేజరు దుబాసీ వంక చూశాడు.

ఆ వారమే ఉత్తరాన, మా వదిన వాళ్ళ ఊళ్ళో
పదిహేడు ఇళ్ళు తగలబడ్డాయి.
ఆమె కట్టుకొచ్చిన కపులానా గుడ్డ
మూడుసార్లు ఉతికినా పొగ వాసన పోలేదు.
కాని మర్నాడు శనివారం. జీతాల రోజు.
"భద్రమే" అన్నాను.
మా మకువాలో అది చాలా చిన్న మాట,
నోట్లో బిస్కెట్టున్నా పలకొచ్చు.

మీ కాగితాల్లో కూడా ఉందట, నలభయ్యో పేజీలో.
దుబాసీ వెళ్ళిపోయే ముందు చదివి వినిపించాడు:
"భద్రతా పరిస్థితులు మారవచ్చు."
గాలి మారవచ్చు, వాన రావచ్చు అన్నట్టు.

మారాయి.
వంతెన దగ్గర లారీ కాలింది, డ్రైవరుతో సహా.
మేనేజరు హెలికాప్టర్లో పోతూ
షెడ్డు తాళాలు నాకే ఇచ్చాడు,
రెండు వారాల్లో వస్తామన్నాడు.
వాళ్ళు వచ్చి డీజిలు పట్టుకుపోయారు.
వాళ్ళని తరుముతూ సైనికులొచ్చి
మిగిలిన డీజిలూ, నా సైకిలూ పట్టుకుపోయారు.

మీ వాటా ధర ఎంతకి పడిందో నాకు తెలీదు.
నాదీ పోయింది: ఐదు జీడి చెట్లు,
కంపెనీకి రాసిచ్చిన చేను, పదకొండు నెలల జీతం.
మనిద్దరం ఒకే గోతిలో పెట్టాం డోరీన్ గారూ,
మీరు గొయ్యి చూసి పెట్టారు,
నేను తవ్వుతూ పెట్టాను.

వానాకాలంలో జనం దిగారు, మోకాళ్ళ దాకా బురదతో.
కట్టెలన్నీ తడి.
ఒకామె నొప్పులు పడుతోంది, వేణ్ణీళ్ళు కావాలి.
తాళం తీశాను.
మొదటి ట్రే నేనే విరగ్గొట్టాను.
ఎర్రమట్టివే ముందు, వాటికి ధర ఉండదని మీవాళ్ళే చెప్పేవాళ్ళు.
మీరు నమ్మాలి, వరస తప్పనివ్వలేదు:
రోజూ కొంచెం లోతుకి దిగుతూ కాల్చుకున్నాం.
రెండో నెలకి నలుపు దాకా వచ్చాం.
ఆ కడ్డీలనే పొయ్యికి ఆనించాం.
ఎంత మంటకీ పగల్లేదు.
మంచి రాయి, మీ ఎంపికలో తప్పు లేదు.

నూట నలభై రెండో మీటరు ట్రే మాత్రం ఉంచాను.
అందులో గుడ్డలు పరిచి ఆ పసిదాన్ని పడుకోబెడుతున్నారు.
అంచున రాసిన నంబరు ఇంకా చెరగలేదు.
కంపెనీ మనిషెవరైనా లెక్కకి వస్తే
చూపిస్తాను,
మెల్లగా మాట్లాడమంటాను.

మీరే వచ్చి ఆ మాట మళ్ళీ అడిగితే
ఈసారి దుబాసీ అక్కర్లేదు.