పదమూడో ఎక్కం

వాల్‌సాల్ టౌన్‌హాల్లో నేను బాగ్దాద్ సుల్తాన్ని.
బాగ్దాద్ ఎటువైపుందో నాకూ తెలీదు,
నా తలపాగా కుట్టిన ఐరిష్ ముసలమ్మకీ తెలీదు.
వారమంతా ఇనుప ఫౌండ్రీలో రాత్రి డ్యూటీ.
శనివారం నాలుగింటికి, ఫుట్‌బాల్ స్కోర్ల కన్నా ముందు,
దేశమంతా టీవీ ముందు టీ తాగుతూ
నన్ను అసహ్యించుకునే వేళ.

చీపుళ్లూ బకెట్లూ పెట్టుకునే గదే మా డ్రెస్సింగ్ రూము.
ముగ్గురు దుర్మార్గులం, ఒకే కెటిల్.
జమైకా ఎవర్టన్ పొద్దున్న ఉత్తరాలు పంచుతాడు,
మధ్యాహ్నం మెడలో ఎముకల దండేసుకుని గుర్రుమంటాడు.
మాట మాట్లాడకూడదని ఒప్పందం.
చర్చిలో వాడి పాట విన్నారా ఎవరైనా?
జ్బిషెక్‌ది పోలండు. జర్మన్ మేజర్ వేషం ఇచ్చారు.
వాళ్ల నాన్న ఆఖరిసారి చూసినవి అలాంటి బూట్లే.
అవి తొడుక్కునేటప్పుడు వాడితో ఎవరం మాట్లాడం.
టీ కలిపి పక్కన పెడతాం.

రెగ్ మాత్రం రెగ్‌గానే వస్తాడు.
సొంత పేరు, సొంత మొహం, "మన వాల్‌సాల్ బిడ్డ!"
నా ఇల్లు వాడింటికి రెండు వీధులవతల.
మంచోడు. ఎత్తి పడేసే ముందు చెవిలో
"నడుం ఎలా ఉంది?" అని అడుగుతాడు.

"నీ భాషలో శపించు" అన్నాడు ప్రమోటర్ మొదటిరోజే.
"ఏదైనా పర్లేదు, ఎవడికర్థమవుతుంది?"
శాపనార్థాలకి నాకు నోరు తిరగదు.
కంఠతా వచ్చినవి ఎక్కాలు,
బొబ్బిలి బళ్లో బెత్తం కింద నేర్చినవి.
తాళ్లు పట్టుకుని, కళ్లు తిప్పి,
పదమూడొకట్ల పదమూడు!
మొదటి వరస వణికింది.
పదమూడు రెళ్లు ఇరవయ్యారు!
ఒక అవ్వ హ్యాట్‌పిన్నుతో నా పిక్కలో పొడిచింది.
పదమూడు మూళ్లు ముప్ఫై తొమ్మిది!
"ఎడారి మంత్రాలు" అన్నాడు కామెంటేటర్, గొంతు తగ్గించి.

ఆ శనివారం మూడో రౌండు.
రాత్రి డ్యూటీ నిద్ర ఇంకా కళ్లలోనే ఉంది.
పదమూడార్లు డెబ్బయ్యెనిమిది దాటి
పదమూడేళ్లు...
పదమూడేళ్లు...
అడ్డం పడింది లెక్క కాదు.
టిల్బరీ రేవులో ఓడ దిగి ఆ నెలకి సరిగ్గా అన్నే.
తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది,
కెమెరా దగ్గరికొస్తోంది.

"తొంభయ్యొకటి!"

బాల్కనీలోంచి. ఆడగొంతు. విసుగు కూడా ఉంది అందులో.
"తొంభయ్యొకటి, మొద్దూ!"
నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వుతోంది, బూడిదరంగు కోటులో.
ఏడొందల మంది తిట్ల మధ్య ఒక్క నవ్వు.
వాళ్లందరికీ నేను సుల్తాన్ని,
ఆమెకి ఎక్కం మర్చిపోయిన వెధవని.
నన్నెవరైనా సరిదిద్ది ఎన్నాళ్లయిందో!

ఇక ఆపుకోలేకపోయాను.
రెగ్ భుజాల మీద, గాల్లో, తలకిందులుగా నవ్వాను.
తలపాగా ఊడి విప్పుకుంటూ దొర్లింది,
లోపలి అతుకు బయటపడింది, పాత కర్టెన్ పువ్వులు.
"నడుమా?" అన్నాడు రెగ్ కంగారుగా.
"కాదు, ఎక్కం" అన్నాను, తెలుగులోనే.

ఓడిపోవాల్సిన చోట ఓడిపోయాను.
నవ్వినందుకు ఐదు పౌండ్లు కోశారు.
వచ్చేవారం పోస్టర్ మీద మళ్లీ బాగ్దాదే.

బస్‌స్టాప్‌లో ఆమె. దీవెనమ్మట,
ఆసుపత్రిలో రాత్రి నర్సు, తెనాలి వైపు మనిషి.
"పద్నాలుగోదైనా వచ్చా?" అంది.
"అంతదాకా నన్నెప్పుడూ నిలబడనివ్వలేదండీ."

బస్సొచ్చింది.
ముందుసీట్లో హ్యాట్‌పిన్ను అవ్వ.
తలపాగా లేని నన్ను గుర్తుపట్టలేదు.
సంచీ ఒళ్లోకి తీసుకుని, జరిగి, చోటిచ్చింది.
కూర్చున్నాను.
పిక్క ఇంకా సలుపుతూనే ఉంది.