చెంచాడు తెల్లపొడి

బల్ల మీద తొమ్మిది సంచులు, తలా అరకిలో మట్టి.
ఏడో సంచి మీద నా చేతిరాతే:
యులాలీ. ఎగువ చెక్క. పెండలం మడి.
పదో సంచి ఖాళీ. దాని సంగతి తర్వాత.

కాగితం పోస్టులో పంపొచ్చు. పంపమనే చెప్పారు.
నేనే వెళ్లాను.
మార్టినీక్ ఉత్తరపు కొండకి ఆ పూట
నడుం దాకా మబ్బు.

ఆమె గుమ్మంలో కూర్చుని చేమదుంప చెక్కు తీస్తోంది.
"మట్టి డాక్టరూ, నా బిడ్డకి జ్వరమెంత?" అంది.
అంకె చెప్పాను.
కత్తి ఆగలేదు.
చెక్కు మాత్రం మందంగా రావడం మొదలైంది.

ముప్పై ఏళ్లుగా ఈ మడిలో ఆమె వేసింది
మేక పెంట, కొబ్బరి పీచు, చేపల తలలు, ఎండుటాకు.
మందు డబ్బా గుమ్మం తొక్కలేదు.
పిడికిట పట్టి చూశాను ఆ రోజు:
తడిగా, నల్లగా, అటుకుల్లా పొడిపొడిగా విడిపోయింది,
చూపుడువేలంత వానపాము
నా అరచేతిని పొలమనుకుని దారి వెతుక్కుంది.
అంత మంచి మట్టిని నేను చాలా తక్కువ చూశాను.
ఆ మాట రాయడానికి కాగితంలో గడి లేదు.

మరి ఎవరు పెట్టారు అని ఆమె అడగలేదు.
అడిగితే బాగుండేది.

ఇదే చెక్క తోట దొరది అయినప్పుడు
థియోడ్యూల్, ఆమె మొగుడు,
మెడలో బకెట్టు, కుడిచేతిలో చెంచా,
ఒక్కో అరటి మొదట్లో ఒక్కో చెంచాడు తెల్లపొడి.
దుంపపురుగు చావాలని.
చేతికి తొడుగు లేదు. మధ్యాహ్నం అదే చేత్తో రొట్టె.
పురుగు చచ్చింది. గెలలు బలిశాయి.
పండు మాత్రం చెక్కుచెదరకుండా, కడిగిన ముత్యంలా
ఓడెక్కి ఫ్రాన్సు వెళ్లిపోయింది.
విషానికి అంత ఎత్తు ఎక్కడం రాదు.
కింద ఉండిపోయింది,
కింద ఉండేవాళ్లతో.

"ఎన్నాళ్లుంటుంది?"
గొంతు సవరించుకున్నాను. "మీ మునిమనవడి మునిమనవడు..."
"వాడికి ఇంకా పేరు పెట్టలేదు" అంది.

బిస్కెట్ల డబ్బాలోంచి దరఖాస్తు తీసి చూపించింది.
ఆకుపచ్చ ముద్ర కోసం. అన్నీ నింపింది,
సంతకం దగ్గర ఇంటూ గుర్తు పెట్టించుకుంది.
ఊళ్లో పెద్ద కొట్టులో, చల్లటి అరల్లో,
ఆ ముద్రతోనే సముద్రం దాటొచ్చిన కారెట్లున్నాయి.
ఒకసారి ఎత్తి చూసిందట. బరువు లేదు, వాసనా లేదు.
మళ్లీ మెల్లగా అక్కడే పెట్టేసిందట,
నిద్రపోతున్న పిల్లని దింపినట్టు.

పెరట్లోకి తీసుకెళ్లింది. సీమపనస.
"దీన్లోకి?"
"అంత పైకి రాదు."
మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూసింది.
"అయితే పిలకలు తవ్వి వరసగా నాటతాను.
ఐదేళ్లకి కాపు. నాకప్పటికి డెబ్బై మూడు. ఫరవాలేదు,
చెట్టు నా వయసు అడగదు."

ఇంతలో ఏదో గుర్తొచ్చి ఆగింది.
పోయిన వారం తవ్విన పెండలం, నాలుగు బుట్టలు.
తినకూడదు. అమ్మకూడదు. పందికి వేయకూడదు.
ఎరువుగుంతలో వేస్తే మళ్లీ అదే మట్టి.
"మరి ఎక్కడ పెట్టను?"
ప్రభుత్వ కరపత్రం రెండువైపులా తిప్పాను.
వర్షం మొదలైంది. ఇద్దరం బుట్టల మీద గోనె కప్పాం,
ఎందుకో తెలియకుండానే.

వచ్చేటప్పుడు ఒక సీమపనస కాయ చేతిలో పెట్టింది.
తొడిమ పాలు వేళ్లకంటుకుని
స్టీరింగ్ వదలనివ్వలేదు దారంతా.

పదో సంచి మా అమ్మ దొడ్డిది.
రెండేళ్లుగా రేపు, రేపు అంటున్నాను.
ఇల్లు చేరేసరికి పెండలం ఉడుకుతోంది.
అమ్మ ఒక ముక్క ఊది నా నోట్లో పెట్టింది.
"ఉప్పు సరిపోయిందా?"
సరిపోయింది అన్నాను.