నూనె గడ్డకట్టిన పొద్దు

సెమిలిగుడలో మార్గశిరం.
కిటికీ అవతల కొండ లేదు,
రాత్రికి రాత్రి ఎవరో మడిచి
పెట్టెలో పెట్టేసినట్టుంది.
గూట్లో కొబ్బరినూనె
తెల్లగా, మొండిగా
మా అత్తగారి మౌనంలా గడ్డకట్టింది.

నలుగురు పిల్లలు, ఒక బొంత.
ఇటు లాగితే అటు చలి,
అటు లాగితే ఇటు ఏడుపు.

పెద్దది మోనాలిసా.
పురుడు పోసిన ఒడియా నర్సమ్మ
కాగితం మీద ముందే రాసేసింది ఆ పేరు.
కాదనే ఓపిక నాకప్పుడు లేదు.
దీనికి నవ్వు తక్కువ, పెత్తనం ఎక్కువ.
రథయాత్ర నాడు పుట్టినవాడు జగబంధు.
చంటిదానికి ఇంకా పేరే లేదు, బుల్లి అంటాం.
మధ్యలో సింహాద్రి ఉన్నాడు.
నలుగుర్నీ వరసగా కేకేసినప్పుడు
నేను మర్చిపోయేది వాడినే.
వాడు మాత్రం పిలవకుండానే వచ్చి నిలబడతాడు.

పెరట్లో నీళ్ళు కాగుతున్నాయి.
నోట్లోంచి ఆవిరి వదిలి
"సూడే అమ్మా, బీడీ!" అంటాడు జగబంధు.
నవ్వు మింగి వీపు మీద ఒక్కటేస్తాను.
వీపు వెచ్చగా ఉంటుంది.
చెయ్యి వెంటనే తియ్యబుద్ధి కాదు.

చెంబులు ఒడియాలో లెక్కపెడతారు,
ఏక, దుయి, తిని, చారి.
నాలుగు చెంబులని ఒప్పందం.
అయిదోది పోశానా, తిట్లు అచ్చ తెలుగులో.

మోనాలిసా స్వెట్టరు జగబంధుకి దిగింది,
జగబంధుది సింహాద్రికి.
మోచేతి చిల్లు మాత్రం ఎవరిదీ కాదు,
దాని పాటికి అది ఏటా కొంచెం పెరుగుతోంది.

ఇంక తలలు.
సీసా బోర్లిస్తే చుక్క రాదు.
దువ్వెన తోకతో గుచ్చితే
సుద్దముక్కలా ఇంత ఊడుతుంది.
పొయ్యి పక్కన పెడితే పోయినేడు
సీసా నడుం వంగిపోయింది,
ఇప్పటికీ అలా వంగే నిలబడుతుంది.
"సంకలో ఎట్టుకుంటే కరుగుద్ది."
"నీ సంక కంపు, నా సంకలో ఎడతాను."
ఈ పంచాయితీ తెగేలోగా బడి గంట కొట్టేశారు.
ముగ్గురూ పొడి తలలతో పరిగెత్తారు,
మంచులో పది అడుగులకే మాయం.
గొంతులు ఇంకాసేపు వినిపించాయి.

గురుబారం కదా,
పక్కింటి కుంతలా మౌసి గడప నిండా
బియ్యప్పిండితో లక్ష్మీ పాదాలు వేస్తోంది.
నా చెయ్యి వదిలించుకుని బుల్లి
తడి ముగ్గులో అడుగేసింది.
నేను నాలిక కరుచుకున్నాను.
మౌసి ఏమీ అనలేదు.
ఆ చిన్న పాదం చుట్టూ గీత తిప్పి
ముగ్గు ముందుకు సాగించింది.

ఎనిమిదింటికి ఆయన
దామన్‌జోడి నుంచి, నైట్ డ్యూటీ నుంచి.
చొక్కా విప్పడు, కాఫీ అడగడు.
పిల్లలు లేచిన పక్క మీద
చేత్తో తడుముకుంటూ
ఎక్కడ వేడి మిగిలిందో అక్కడ ముడుచుకుంటాడు.
"మూడోవోడి చోటే ఎక్కువ కాగుద్ది," అంటాడు నిద్రలోంచి.
నేను పట్టించుకోలేదు.

ఆ రాత్రి గూట్లో సీసా కనపడలేదు.
పిల్లి పడేసిందేమో అనుకున్నాను.
వెతకడానికి కాళ్ళు రాలేదు.

తెల్లవారుతూనే ఇల్లంతా కొబ్బరి వాసన.
బొంత ఎత్తి చూస్తే
నలుగురూ నిగనిగలాడుతున్నారు,
జుట్టు, చెవులు, మోకాళ్ళు, తలగడ.
జగబంధు పాదాలు కూడా.
సింహాద్రి చొక్కా లోపల, పొట్ట మీద
వంగిన సీసా, మూత ఊడిపోయి.

వాడు కళ్ళు తెరిచి
దాన్ని వెలుతురులో పైకెత్తి చూపించాడు.
అడుగున రెండు చుక్కలు కదులుతున్నాయి.
"సూడే, గడ్డ కట్టనేదు."

కిలో నూనె ధర గుర్తొచ్చింది.
ఎత్తిన చెయ్యి ఎక్కడ దించాలో తెలియక
వాడి తల మీదే దించాను,
రుద్దడం మొదలుపెట్టాను.
మిగతా ముగ్గురూ వరసలో కూర్చున్నారు,
చెప్పకుండానే.

బొంత ఉతకాలి.
ఆరాలంటే ఎండ రావాలి.
కొండ ఇంకా రాలేదు.