ఒకటి, ఆరు, రెండు

నీళ్ళెరగని ఇంజను ఇది.
రేడియేటరు లేదు, గొట్టాల గొడవ లేదు,
ఫ్యాను విసిరే గాలే దీనికి చన్నీళ్ళ స్నానం.
యాభై మూడేళ్ళు పరుగెత్తి
నవంబరులో మా బల్ల మీద
ఒళ్ళు విప్పుకుని పడుకుంది.

మ్యున్‌సింగెన్‌లో అప్పటికే మంచు.
ఎకెహార్ట్ ప్రతి నట్టునీ
కోడిగుడ్ల అట్టలో పేర్చాడు,
ఏ గుంటలో ఏదో పెన్సిలుతో రాసి.
మెగ్నీషియం కేసు కొత్తలో వెండిలా మెరిసేదట.
ఇప్పుడు మాడిన పాలగిన్నె రంగు.
రెండు స్టడ్లు పట్టు వదిలేసి
ముసలి పళ్ళలా ఊగుతున్నాయి.
తొలిచి, ఉక్కు తొడుగులు దింపి,
"పళ్ళ డాక్టరు కావలసినవాణ్ణి" అన్నాడు.
తన జోకుకి తను ఎప్పుడూ నవ్వడు.

జనవరి అంతా పంపుతోనే.
లోపల ఆరు సన్నని పిస్టన్లు,
చుక్క చుక్కా కొలిచి పెట్రోలు పోసే పిసినారులు.
వాటిని అదిలించే క్యామ్ ఒకటి,
కోడిగుడ్డూ కాదు, శంఖమూ కాదు,
ఏ లెక్కల పుస్తకంలోనూ నేను చూడని ఒంపు.
వేగం ఒకవైపు, యాక్సిలరేటరు ఇంకోవైపు లాగితే
ఎక్కడ ఎంత పొయ్యాలో దాని చర్మానికి తెలుసు.
ఒక్కసారి తడమనిచ్చాడు నన్ను.
"ముందు చేతులు కడుక్కో."

పన్నెండు వాల్వులు.
మిల్లీమీటరులో పదోవంతు సందు.
రేకు జారాలి, ఊరికే జారకూడదు,
చలికి గట్టిపడ్డ వెన్నలోంచి కత్తి వచ్చినట్టు రావాలి.
ఒకటి, ఆరు, రెండు, నాలుగు, మూడు, అయిదు.
బస్సులో అదే, పళ్ళు తోముకుంటూ అదే.
నిద్రలో కూడా అన్నానని మా చెల్లి ఫిర్యాదు.

ఇంజను కారు వెనక్కి ఎక్కి
చివరి బోల్టు బిగిసేసరికి శనివారం రాత్రి పదిన్నర.
పది దాటాక చప్పుడు చెయ్యకూడదు.
ఆదివారం అసలే కూడదు.
చట్టం సంగతి సరే,
పక్కింటి వాల్‌బుర్గాతో ఎవరు పడతారు?
పందొమ్మిదేళ్ళుగా ఆవిడ రాసిన ఫిర్యాదులు
ఎకెహార్ట్ దగ్గర ఫైలుగా ఉన్నాయి, తేదీల వారీగా.

పొద్దున్నే ఇద్దరం షెడ్డుకే వచ్చాం.
మాటల్లేవు.
వెన్న రాసిన ప్రెట్‌జెల్ ఒకటి, చెరి సగం.
తలుపు తట్టింది ఆవిడే, చర్చి కోటులో.
బూట్ల మంచు మా పట్టా మీదే దులిపి
కారు వైపు చూసింది, బాకీ ఉన్నవాణ్ణి చూసినట్టు.
"పదింటికి గంటలు. ఏడు నిమిషాలు.
ఆ మోతలో మీరేం చేసినా నాకు వినపడదు."
వెళ్ళిపోయింది.
చర్చికి కాదు, తన కిటికీ దగ్గరికి.

మొదటి గంటకి తాళం తిప్పి వెనక్కి పరుగెత్తాను.
ఒక దగ్గు. ఇంకో దగ్గు. నీలం పొగ.
అంతే, కంచు మోతలో
ఆరు సిలిండర్లూ మునిగిపోయాయి.
నాలుగు నెలలు కాచుకున్న చప్పుడు
పక్కనే నిలబడి నేను వినలేదు.

ఎకెహార్ట్ కుడిచెవి ఎప్పుడో పోయింది.
ఎడమది పోతోంది.
నాతో అనలేదు.
గొట్టం చెవిన పెట్టి ఇంజను ఊపిరి వినే పని
ఈ ఏడు నాకే వదిలేస్తే అర్థమైంది.
ఇప్పుడు అరచెయ్యి ఫ్యాను కవచం మీద ఆనించి
గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు.
కాసేపటికి నాలుగు వేళ్ళు చూపించాడు.
నాలుగోది వెనకబడింది.
దాని గాలి మర అరచుట్టు విప్పాను.
తల ఊపాడు: ఇంకొంచెం.
చెయ్యి తీసేశాడు: చాలు.

గంటలు ఆగిపోయాయి.
తాళం కారు ముందు, నేను కారు వెనక.
ఆ నాలుగడుగులూ
నేను పరుగెత్తలేదు.

మంగళవారం ఫిర్యాదు వచ్చింది.
ఎనిమిది నిమిషాలని రాసింది.
ఎకెహార్ట్ తేదీ వేసి ఫైల్లో పెట్టాడు.