ఎక్కువైన అక్షరం

ఫోనులో వచ్చింది బొమ్మ,
అరచేతి వెడల్పు కూడా లేదు.
బీరు గ్లాసు కింద పెట్టే అట్టముక్క మీద
బాల్‌పెన్నుతో గీసిన పావురం,
పక్కన టీ కప్పు అడుగు వదిలిన గోధుమరంగు చక్రం.
"ఇరవై నాలుగు టీషర్టులు, నేవీ బ్లూ,
శనివారం పందేనికి కావాలి" అని రాసింది
బెరిల్ ఓల్డ్‌రాయిడ్, బార్న్స్‌లీ పావురాల క్లబ్బు నుంచి.

పెద్దది చేసి చూస్తే
పావురం మెట్లు మెట్లుగా విరిగింది.
కన్ను నాలుగు చదరాలు.
ముక్కు వెనకాల మసకలో కలిసిపోయింది.
దీన్ని అచ్చెయ్యడం జల్లెడతో నీళ్ళు మోయడమే
అనబోయి ఆగాను.
మా పనే జల్లెడతో మోయడం,
నీళ్ళు కాదు, రంగు.

గీత వెంట గీత వేసుకుంటూ పోయాను.
మౌస్ నొక్కిన చోటల్లా ఒక మేకు,
మేకుకీ మేకుకీ మధ్య లాగి కట్టిన దారం.
ఎంత పెంచినా పగలని రెక్క అలాగే వస్తుంది,
ఒక్క రెక్కకి పొద్దుట్నించి పదకొండు దాకా.
షెడ్డు రేకుల మీద వాన.
హీటరు ముందు నా బూట్లు ఆరుతున్నాయి.

తర్వాత రంగులు విడదీయడం.
తెలుపు, బూడిద, మెడ మీద ఆకుపచ్చ.
ఒక్కో రంగుకి ఒక్కో ఫిల్ము,
ఫిల్ము మీద మాత్రం అన్నీ నలుపే.
అంచున చిన్నగా పేరు రాసుకోకపోతే
ఆకుపచ్చ ఏదో తెలుపు ఏదో నాకే తెలీదు.
నాలుగు మూలలా గురి గుర్తులు.
వెంట్రుకవాసి తప్పిందా,
పావురం పక్కన పావురం దయ్యం నిలబడుతుంది.

ముదురు గుడ్డ రంగుల్ని మింగేస్తుంది,
అందుకని ముందు తెలుపు పరిచి
దాని మీదే మిగతావి.
ఆ తెలుపుని చుట్టూతా కాస్త లోపలికి నొక్కాలి,
అంచు దాటి పళ్ళికిలించకుండా.
మోసేది అదే, కనపడకూడనిదీ అదే.
మెడ నిగనిగకి చుక్కలు:
పెద్దవైతే చిక్కన, చిన్నవైతే పలచన,
గీతలు కలపని ముగ్గు.

పావురం కింద పెద్దాయన అక్షరాలు,
బార్న్స్‌లీ హోమింగ్ సొసైటీ.
అన్నీ వంకర్లు, పైగా మధ్యలో
అక్కర్లేని 'ఈ' ఒకటి.
తప్పు కదా అని శుభ్రమైన ఫాంటులో సరిచేసి,
టీ మరక చెరిపేసి,
చూసి చెప్పమని పంపాను.

సాయంత్రం ఆవిడే వచ్చింది, కారుతున్న గొడుగుతో.
తెరకి దగ్గరగా వంగి
"మా 'ఈ' ఏది?" అంది.
స్పెల్లింగు తప్పని చెప్పాను.
"తప్పే. నలభై ఏళ్ళు చెప్పాను నార్మన్‌కి.
గూటి తలుపు మీదా అలాగే రాశాడు.
పావురాలు ఆ తలుపుకే తిరిగొచ్చాయి మరి."
కాసేపాగి,
"మరక తీసేశావు, మంచిదే.
అది నా కప్పుది. అక్కడ పెట్టకు అనేవాడు."

ఆవిడ వెళ్ళాక ఫాంటు తీసేశాను.
అసలు ఏ ఫాంటునైనా అచ్చుకి పంపేముందు
గీతలుగా మార్చాల్సిందే.
మారాక యంత్రం దాన్ని చదవదు,
చదవనిదానికి తప్పొప్పులుండవు.
రోజూ చేసే పనే, ఇవాళే ఆలోచించాను.

నార్మన్ చెయ్యి ఆగిన చోట ఒక మేకు,
వణికిన చోట రెండు.
'ఈ'లో నడిమి గీత మరీ పొట్టి,
సిరా ఆడనట్టుంది, మళ్ళీ దిద్దాడు.
ఆ దిద్దుడూ గీశాను.
అచ్చుగుద్దినట్టు ఉందంటాం గానీ
గుద్దేముందు ఇంత నెమ్మది ఉంటుందని
ఎవరూ అనగా వినలేదు.

శుక్రవారం ప్రెస్సు దగ్గర కైరన్
మొదటి చొక్కా లాగి వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు.
"ఓయ్, ఇందులో స్పెల్లింగు తప్పు పోయింది!"
ఇంకా ఇరవై మూడు ఉన్నాయి,
కానివ్వమన్నాను.