తవిటమ్మ ఖాతా

ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారట.
ఇదైనా దక్కాలని
చేటెడు తవుడికి పొరుగింటామెకి అమ్మేసి
పొద్దుగూకేలోగా మళ్ళీ కొనుక్కున్నారట.
అందుకే తవిటమ్మ.
పేరులోనే ఒక జమ, ఒక ఖర్చు.

కాశీబుగ్గలో ఎరువుల కొట్టు పక్కన
ఒక బల్ల, ఒక గొడుగు, అరచేతంత మిషను.
బ్యాంకు బోర్డు నాకంటే పొడుగు.
ఈ బల్ల ఇంకా లేని రోజుల్లో
బడి వరండాలో క్యాంపు పెడితే
ఆమె ఫారం నింపింది నేనే.
"మొదటి జమ" అన్న గడిలో సున్నా చుట్టాను.
"గుండ్రంగా రాసినావు పాపా, దాన్లో ఏటున్నాది?"
"ఏమీ లేదమ్మా."
"ఏటీ నేకపోయినా పుస్తకం ఇచ్చెత్తారేటి!"
వెనక నించున్న ఆడవాళ్ళంతా నవ్వారు.
ఆమె నవ్వలేదు. పుస్తకాన్ని రెండు చేతులా పుచ్చుకుంది,
పురిటిబిడ్డని అందుకున్నట్టు,
మెడ కింద చెయ్యి వేసి.

వృత్తి అన్న గడి చిన్నది.
కూలి, అని రాశాను.
ఇరవై ఏళ్ళ జీడి పిక్కలు అందులో పట్టవు.
మన ఉద్దానం పిక్క, ఓడలెక్కొచ్చిన ఆఫ్రికా పిక్క,
దేని సొనైనా ఒకటే నలుపు.
బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా
పప్పు తెల్లగా బయటికొస్తుంది,
వేలు తోలు లోపలే ఉండిపోతుంది.

రోగం వచ్చిన ఏడు
ఖాతాలో ఐదొందలు పడ్డాయని ఊరంతా అంటే
మూతికి చెంగు కట్టుకుని వచ్చింది.
బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు.
చూపుడు వేలు. ఎర్ర లైటు.
చీరకి తుడిచి, ఉమ్మి తడిచేసి, మళ్ళీ తుడిచి
పది వేళ్ళూ అయిపోయాయి.
నేను ఎరిగిన మనిషిని
మిషను ఎరగనంది.
"మరేటి సెయ్యాలి?"
"మూడు నాలుగు రోజులు పిక్కలు ముట్టకపోతే
గీతలు మళ్ళీ వస్తాయమ్మా."
వేళ్ళ మీదే లెక్క కట్టింది,
నాలుగు రోజుల కూలీ, ఐదొందలూ.
నాకు చెప్పలేదు ఎంత తేలిందో.
చెంగు సర్దుకుని పనికి వెళ్ళిపోయింది.

తర్వాత ఒక ఏడు కనిపించలేదు.
వచ్చేసరికి తెర మీద వేరే మాట.
"ఖాతా నిద్రపోయిందమ్మా, లేపాలి."
"తిండి నేనిదానికి నిద్దరెలాగ పట్టినాది?"
ఆధార్ నకలు, ఫోటో, మూడుసార్లు బ్రాంచికి.
మూడోసారి మేనేజరు గారు లేరు.
నాలుగోసారి ఉన్నారు.

ఎడమ చేతి చిటికెన వేలు.
పిక్కని తాకని ఒక్క వేలు అదే.
ఎన్నాళ్ళకి తట్టిందో మా ఇద్దరికీ!
పచ్చ లైటు వెలిగినప్పుడు
ఆ వేలిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది,
ఇంట్లో పనికిరాడనుకున్నవాడు
మొదటి జీతం తెచ్చినట్టు.

ఇప్పుడు శనివారం శనివారం వస్తుంది.
కొన్నిసార్లు యాభై, కొన్నిసార్లు వంద వేస్తుంది.
తీయదు. "ఎంతున్నాదో సూడు" అంటుంది.
చూసినందుకు నాకు కమీషన్ రాదు.
చూస్తాను.
చీటీ చేతికిస్తే చదవమంటుంది,
నెమ్మదిగా, పైసలతో సహా,
ఎరువుల కొట్టు వాడికి వినబడకుండా.
"మా ఇంటాయనకి తెల్దు పాపా."
వాడు వెతకని చోటు ఇంట్లో ఒకటే ఉందట,
గేదె కుడితి పక్కన కుండ.

పోయిన శనివారం వడ్డీ పడింది.
ఎంతో కాదు, ఒక టీకి చాలదు.
"నానెయ్యనేదే, ఎవులేసినారు?"
బ్యాంకు వేసింది, అన్నాను.
నమ్మలేదు.
పుస్తకం తెరిచి చూపించమంది.
తెరిచాను.
పేజీల మధ్య నుంచి సన్నగా, లేత గోధుమ రంగులో
తవుడు రాలింది మిషను అద్దం మీద.
తుడవబోయి
కాసేపు ఆగాను.